దారం పెట్టి పంచిన నీలిరాయి

మా ఇంట్లో ఒక గాజు అలమర ఉంది. పట్టుచీరలో, వెండి సామానో ఉంటాయని తొంగిచూసిన చుట్టాలు నీరసపడి వెనక్కి తిరుగుతారు. అందులో ఉన్నవన్నీ రాళ్ళు. గూడూరు చుట్టుపక్కల పాత అభ్రకం గనుల గుట్టల మీద నేను ఏరుకొచ్చినవి కొన్ని, ఊళ్ళు తిరిగి బతిమాలి, బేరమాడి తెచ్చుకున్నవి మరికొన్ని. పొద్దస్తమానం బజారులో జిరాక్సు కొట్టు నడుపుకునే దానివి, నీకీ రాళ్ళ పిచ్చేమిటని మా ఆయన పెళ్ళయినప్పటి నుంచీ అడుగుతున్నాడు. నేను సమాధానం చెప్పలేదు. అయినా ఆ అలమరకి తాళం చేయించింది ఆయనే.

మధ్య అరలో ఒక చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. అది ఆక్వామెరీన్‌ది. సముద్రపు నీళ్ళ రంగులో, పెన్సిలు లాగా ఆరు పలకలతో పెరిగే రాయి. సానపెట్టిన ముక్కలైతే నగల కొట్లో ఎన్నయినా దొరుకుతాయి, నాకవి వద్దు. భూమిలో ఎలా పుట్టిందో అలాగే, కొస చెదరకుండా, పుట్టిన తల్లిరాయిని పట్టుకుని నిలబడి ఉన్నది కావాలి. అలాంటిది కనపడినప్పుడు చేతిలో డబ్బుండదు, డబ్బున్నప్పుడు రాయి కనపడదు.

ఈ దసరా ముందు మా రాళ్ళవాళ్ళ వాట్సాప్ గ్రూపులో హైదరాబాదు ఆయన ఒకరు ఫోటో పెట్టాడు. బురద చేతిలో జానెడు నీలిరాయి. కింద తెల్లటి పలుగురాయి ముద్ద, పైన కత్తితో కోసినంత చదునుగా కొస. ఇబ్రహీంపట్నం దగ్గర పల్లెలో, ఎండాకాలం బావి పూడిక తీస్తుంటే దొరికిందట. బావి ఆసామి నంబరు కూడా ఇచ్చాడు. నేను కొట్టు షట్టరు సగం దించి ఫోను కొట్టాను.

"రాయి ఉందా అన్నా?"

"ఉన్నది. రా అక్క," అన్నాడు అవతలి మనిషి. పేరు జంగయ్య అని చెప్పాడు.

ఇంకో ముక్క అడగకుండా ప్రయాణం కట్టేశాను. సంచిలో ఒక కోడిగుడ్ల అట్ట, రెండు దూది చుట్టలు, మా ఆయన పాత పంచె మెత్తటిది ఒకటి. ఒంటి మీది బట్టల కంటే ఈ సరంజామా సర్దడానికే ఎక్కువసేపు పట్టింది.

సాగర్ రోడ్డు

హైదరాబాదులో రైలు దిగి, ఎల్బీ నగర్‌లో ఇబ్రహీంపట్నం బస్సెక్కి, దర్జాగా ఆధార్ కార్డు చాపాను. ఆడవాళ్ళకి బస్సు మా వైపూ ఉచితమే, ఇక్కడా ఉచితమే కదా అని ధీమా. కండక్టరమ్మ కార్డు అటూ ఇటూ తిప్పింది.

"గూడూరు మా దిక్కు కాదు గద అక్క. టికెట్ తీస్కో," అంది.

బస్సులో ఆడవాళ్ళందరూ టికెట్టు కొంటున్న ఆడమనిషిని తలలు తిప్పి మరీ చూశారు. పక్క సీటులో గంప పెట్టుకుని కూర్చున్నామె జాలిపడి ఒక పండిన సీతాఫలం నా చేతిలో పెట్టింది. దాన్ని భద్రంగా సంచిలో దూది మీద పెట్టుకున్నాను. ఎంత తెలివి తక్కువ పని చేశానో తర్వాత తెలిసింది.

రోడ్డుకి రెండు వైపులా ప్లాట్ల బోర్డులే. గజం ఇంత, గజం అంత. మా నెల్లూరు వైపు ఇళ్ళ స్థలం అంకణాల్లో కొలుస్తాం. ఆ మాటే అంటే సీతాఫలాలామె, "అంకణం అంటె ఎంత?" అంది. చేతులు చాపి చూపించబోయి కిటికీ ఊచకి మోచెయ్యి కొట్టుకున్నాను. పొలానికి మాకు సెంట్లు, వీళ్ళకి గుంటలు. "ఎట్ల కొలిచినా కొననీకి పైసల్లేవు," అని ఆమె నవ్వేసింది.

ఇబ్రహీంపట్నం బస్టాండులో దిగి టీ అడిగితే చాయ్ ఇచ్చారు. పేరు మారగానే చక్కెర కూడా రెట్టింపయింది. చిన్న కప్పు పదిహేను రూపాయలు. మా గూడూరులో ఆ డబ్బుకి పెద్ద గ్లాసు వస్తుందని లోపల గొణుక్కుంటూనే రెండోది కూడా తాగాను.

పెరుగు కుండ మీది బరువు

జంగయ్య మోపెడ్ మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి, భుజాన తువ్వాల, పెద్దగా మాట్లాడని రకం. దారిలో చెరువు ఒడ్డున ఒక్కసారి బండి నెమ్మది చేసి, "ఈయేడు మస్తు నిండింది," అన్నాడు. అవతలి గట్టు ఎక్కడుందో నాకు ఆనలేదు.

ఇంటికి చేరగానే ఆయన భార్య అంజమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, "కూసో అక్క. ముందు ఇంత తిను. రాయి యాడికి పోతది," అంది. ముందు రాయి అన్నాను. ఆమె గడ్డంతో వంటింటి మూలకి చూపించింది. అక్కడ పెరుగు కుండ, కుండ మీద మూత, మూత మీద బరువుగా నా రాయి.

"పిల్లితోని పరేశాన్ అయితుండె. గది పెట్టినంక మూత కదుల్తలేదు," అంది అంజమ్మ సంతోషంగా.

వెళ్ళి రెండు చేతులతో ఎత్తాను. పలుగురాయి ముద్ద ఉంది. అందులోంచి నీలం లేచింది. బెత్తెడు లేచి, ఠక్కున ఆగిపోయింది. కొస లేదు. పైన గరుకుగా, ఏటవాలుగా విరిగిన ముఖం.

"ఏందన్నా ఇది? మిగతాదేదీ?"

"తమ్ముని కాడ ఉన్నది."

"ఉందన్నావు కదన్నా ఫోనులో."

"ఉన్నదా అని అడిగినవ్, ఉన్నదన్న. మొత్తం ఉన్నదా అని అడగలే," అన్నాడు జంగయ్య. ఎగతాళి కాదు, నిజంగానే అంతే అనుకుంటున్నాడు.

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. రైల్లో వచ్చిన అలసటంతా అప్పుడు దిగింది ఒంట్లోకి. అంజమ్మ పీట వేసి కూర్చోబెట్టింది. అప్పుడు జంగయ్య సంగతి చెప్పాడు.

అన్నదమ్ములిద్దరూ పొలం పంచుకున్నారు. బావి పంచుకోవడం ఎలా కుదురుతుంది? అందుకని దాన్ని ఉమ్మడిగానే ఉంచి నీళ్ళకి వంతులు పెట్టుకున్నారు. ఒకరోజు అన్నది, ఒకరోజు తమ్ముడిది. పూడిక తీస్తే మట్టి చెరిసగం. చేపలు పడితే చెరిసగం.

"బావిల నుంచి ఏదెళ్ళినా సగం సగం. మట్టే పంచుకున్నోళ్ళం, రాయి ఒక్కలకెట్ల ఇస్తం?" అన్నాడు జంగయ్య.

ఆయన వరస ప్రకారం చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. అదే నా ఒళ్ళు మండించింది.

"దారం పెట్టి కొలిచిన్రు అక్క," అంది అంజమ్మ. "దారం రెండు మడతలేసి, నడుమ బొగ్గుతోని గీత పెట్టి, ఉలి పెట్టి కొట్టిన్రు. గంత పని బావి కాడనే అయిపోయింది. మాకు చూపియ్యనే లేదు."

ఇక్కడ పంపకాలకి ఒక పద్ధతి ఉందట. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. తప్పుగా పంచితే పంచినవాడికే నష్టం. ఆ పద్ధతిలో తమ్ముడు కొస ఉన్న పై సగం ఏరుకున్నాడు. ఉలి దెబ్బ ఏటవాలుగా పోయింది గదా, "గోరెడు నీకే ఎక్కువొచ్చింది" అన్నాడు అన్న. "పంచింది నువ్వే గద" అన్నాడు తమ్ముడు. అంతే, ఆ గోరెడు రాయి మీద మాటలు బంద్. ఇప్పుడు బావి వంతులు కూడా తోటికోడళ్ళే ఫోనులో చెప్పుకుంటున్నారు.

"ఇంకోటి చెప్పనా?" అంది అంజమ్మ. "మా మరిది పెండ్లాం సుజాత ఆ సగం కోపిచ్చి కమ్మలు చేపిచ్చుకుంటదట. శుక్రవారం హైదరాబాద్ పోయి రాళ్ళు కోసేటాయనకు ఇస్తరట."

ఆ రోజు బుధవారం. మధ్యలో ఒక్క గురువారమే మిగిలింది. విరిగిన రాయిని పక్కపక్కన పెట్టి ఓదార్చుకోవచ్చు, సానపట్టిన రాయిని ఏం చేసుకుంటాను?

"కోసినంక మళ్ళ ఎవలు కలుపుతరు," అన్నాడు జంగయ్య. అని, తువ్వాల దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ మనిషి బాధ రాయి గురించేనా అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

రాత్రి జొన్నరొట్టె, చెరువు చేపల కూర. మా నెల్లూరు పులుసులో మామిడికాయ పడకపోతే దాన్ని చేపల పులుసు అనం. ఇక్కడ నువ్వుల పొడి, ధనియాల పొడి వేసి చిక్కగా దించారు. మనసు బాగాలేక కొంచెమే తింటానన్నదాన్ని మూడు రొట్టెలు లాగించాను. దుఃఖానికీ ఆకలికీ నాలో ఎప్పుడూ పొత్తు కుదరదు.

బొంగులూరులో రంగుల కొట్టు

మర్నాడు బస్సులో హైదరాబాదు వైపు వెనక్కి బొంగులూరు వచ్చాను. ఔటర్ రింగు రోడ్డు దగ్గర కొత్త ఇళ్ళు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి, అన్నిటికీ రంగులు కావాలి. తమ్ముడు శ్రీశైలం అక్కడ పెయింట్ల కొట్టు నడుపుతున్నాడు. అన్న ఎంత మౌనమో తమ్ముడు అంత మాటకారి. ఫలానా పని మీద వచ్చానని చెప్పగానే గల్లాపెట్టె లాగి, చేతిరుమాలు విప్పి, రాయి నా అరచేతిలో పెట్టాడు.

అటూ ఇటూ తిప్పి వెలుగులో పెట్టి చూశాను. ఆరు పలకలూ నున్నగా ఉన్నాయి. కొస మీద నా ముక్కు కనపడుతోంది. ఎక్కడా చిన్న చెక్కు కూడా లేదు. రంగు మాత్రం కొంచెం వెలిసినట్టుంది, బట్టలకి నీలిమందు పెట్టిన రెండో నీళ్ళలాగా.

"ఈ రంగు నా కాడ లేదక్క," అని శ్రీశైలం రంగుల నమూనాలున్న షేడ్ కార్డు తీసి రాయి పక్కన పెట్టాడు. "మూడు డబ్బాలు కలిపి చూసిన. రాలే."

కొట్టు పైనే ఇల్లు. ఆయన భార్య సుజాత వేడి వేడి సర్వపిండి పట్టుకుని దిగింది. నేను వచ్చిన పని విని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"అర్థం గాక అడుగుత, ఏమనుకోకు. రాయి తీస్కపోయి ఏం చేస్తవ్?"

"అలమరలో పెట్టుకుంటాను."

"పెట్టుకోని?"

"చూసుకుంటాను."

"నువ్వొక్కదానివి చూసుకుంటందుకు గింత దూరం వచ్చినవా? కమ్మలైతె నలుగురు చూస్తరు," అంది.

మా ఆయన ఇన్నేళ్ళుగా అడుగుతున్న ప్రశ్నే ఇది, ఇంకో ఊళ్ళో ఇంకో నోట ఎదురైంది. సర్వపిండి కొరుక్కుంటూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే మా తపాలచెక్క కంటే బాగుంది, ఇంటికొచ్చాక ఒప్పుకోలేదు.

తిన్నాక అడిగాను. "మొత్తం రాయిని నువ్వెప్పుడైనా చూశావా తల్లీ?"

"యాడ చూసిన? బావి కాడనే పగలగొట్టిన్రు. ఫోటోల చూసిన గంతే."

"కోయించే ముందు ఒక్కసారి కలిపి చూడు. అమ్మమని అడగను. ఒక్కసారి చూసి మా ఊరు పోతాను."

అన్నానే గానీ, కడుపులో ఆశ చస్తేగా.

సుజాత మొగుడి వైపు చూసింది. శ్రీశైలం నవ్వు మాయమైంది. "నేను ఆ ఇంటికి రాను," అన్నాడు. జంగయ్య తన సగం గడప దాటదని పొద్దున్నే చెప్పి పంపాడు. నేను ఆ మాట కూడా చెప్పేశాను, ఇంక దాచడానికేముంది.

"ఆ ఇంటికి వద్దు, ఈ ఇంటికి వద్దు," అంది సుజాత విసుగ్గా. "బావి కాడికి పోదాం. బావి ఇద్దరిది గద. రేపు పొద్దుగాల చూసుకోని అటే పట్నం పోతం."

ఆ మాట పట్టుకుని జంగయ్య ఇంటికి తిరిగొచ్చాను. బావి దగ్గర అనేసరికి ఆయన కూడా సరేనన్నాడు. సంచి విప్పితే సీతాఫలం చితికి, దూది అంతా గుజ్జు, దాని నిండా చీమలు. రాయి కోసం తెచ్చుకున్న పరుపు మీద చీమలు పండగ చేసుకుంటున్నాయి. అంజమ్మ పడీ పడీ నవ్వి, తన పాత నూలు చీర చింపి ఇచ్చింది.

బావి గట్టు మీద

శుక్రవారం పొద్దున బావికి వెళ్ళే గట్టు నిండా తంగేడు పూలు, గునుగు పూలు. వానలు బాగా పడ్డాయి కదా, బావి నిండుగా ఉంది. వంగితే చేతికి నీళ్ళందుతున్నాయి. నేను గట్టు మీద జారి ఒక చెప్పు బురదలో పోగొట్టుకున్నాను, మిగతాది కూడా తీసేసి నడిచాను.

అన్నదమ్ములు బావికి చెరో ఒడ్డున నిలబడ్డారు. ఒకరు కందిచేను చూస్తున్నారు, ఒకరు ఫోను చూస్తున్నారు. సుజాత పట్నం ప్రయాణానికి తయారై మంచి చీరలో వచ్చింది. శ్రీశైలం జేబులోంచి జిగురు ట్యూబు తీసి, "నా దుకాణంల దొరికే దాంట్ల గట్టిది," అని గట్టు మీద పెట్టాడు. నేను అరిచినంత పని చేశాను. రాళ్ళు పోగేసేవాళ్ళ ముందు జిగురు మాట ఎత్తకూడదు, పాలల్లో ఉప్పు వేసినట్టే. ఆయన బెదిరిపోయి ట్యూబు మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

రెండు సగాలనూ బావి నీళ్ళలో కడిగాను. ఒక్కోదాన్నీ రెండు చేతులా బిగించి పట్టుకున్నాను, జారితే ఇక పోయినట్టే. అంజమ్మ గట్టు రాయి మీద తువ్వాల పరిచి కింది సగం పట్టుకుంది. సుజాత పై సగం తెచ్చి మీద పెట్టింది. కుదరలేదు. కొంచెం తిప్పింది. కుదరలేదు. ఇంకొంచెం తిప్పగానే, తలుపు గడియ పడ్డట్టు, కూర్చుంది.

రెండు ముఖాల మధ్య బావి నీళ్ళ తడి ఉంది. ఆ తడికి విరుగు గీత కరిగిపోయి, వెతికితే తప్ప కనపడని వెంట్రుకంత మిగిలింది. తువ్వాలని ఎండలోకి జరపమన్నాను. జరిపారు.

వెలిసినట్టున్న రంగు చిక్కబడింది. జానెడు పొడవునా వెలుగు ఆగకుండా దిగి, తెల్ల పలుగురాయి దాకా పోయి, అక్కడ నీలంగా నిలిచింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. తుడుచుకోలేదు. ఇన్నేళ్ళూ అలమరలో ఖాళీ ఉంచింది దీని కోసమే, ఇంకో గంటలో ఇది బస్సెక్కి సానరాయి దగ్గరికి పోతుంది.

సుజాత కొస మీదుగా ఒక కన్ను మూసి లోపలికి చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఏమన్న కనపడుతున్నదా?" అంది అంజమ్మ.

"బావిలకు చూసినట్టే ఉన్నది అక్క," అంది సుజాత. తర్వాత చెవి కమ్మ తడుముకుంటూ నెమ్మదిగా అంది, "కమ్మలు చేపిచ్చుకుంటె నా చెవులకుంటయి. నాకెట్ల కనపడతయి?"

జవాబు దొరికింది నాకు. మా ఆయనకి చెప్పాల్సిన జవాబు.

ఆడవాళ్ళు అంతసేపు ఏం చూస్తున్నారోనని జంగయ్య గట్టు చుట్టూ తిరిగి వచ్చాడు. వచ్చి రాయిని కాదు, విరుగు గీతని చూశాడు. అది ఏటవాలుగా పోయింది. వంగి వేలు పెట్టి చూసి, "ఇటు దిక్కు నాకే ఎక్కువున్నది," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. శ్రీశైలం అవతలి వైపు నుంచి వంగి, "ఇటు నాకెక్కువున్నది," అన్నాడు. కలిపి చూస్తే ఒకవైపు పోయిన గోరెడు ఇంకోవైపు వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరి సగం వాళ్ళ దగ్గర పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది?

జంగయ్య తడి వేలు చొక్కాకి తుడుచుకుంటూ అడిగాడు. "దుకాణం ఎట్ల నడుస్తున్నది?"

"నడుస్తున్నదే," అన్నాడు శ్రీశైలం.

అంతే. ఇంకేమీ కౌగిలింతలూ కన్నీళ్ళూ లేవు. కందిచేనుకి పురుగు పట్టిందా లేదా అని మాట్లాడుకుంటూ అటు నడిచారు.

సుజాత పట్నం పోనంది. రాయి కోసే ఆయనకి ఫోను చేసి రావట్లేదని చెప్పింది. నేనుండబట్టలేక, అన్నదమ్ములిద్దరూ తిరిగి రాగానే, ఇచ్చిన మాట తప్పి అడిగేశాను. నాకు అమ్మండి అని. నా దగ్గరున్నదంతా ఇస్తానని.

"బావి సొమ్ము ఎట్ల అమ్ముతం అక్క," అన్నాడు జంగయ్య.

"బావి నీళ్ళు ట్యాంకర్లల్ల అమ్ముతున్నరు గదనే," అన్నాడు శ్రీశైలం. అన్న ఒక చూపు చూసేసరికి నోరు మూసుకున్నాడు.

మరి ఎవరింట్లో ఉండాలి? మళ్ళీ దారం తెస్తారేమోనని నాకు భయం వేసింది. తేల్చింది జంగయ్యే. "నీళ్ళకున్నట్టే దీనికి వంతు. వానాకాలం పంట నా కాడ. యాసంగి పంట వాని కాడ."

యాసంగి అంటే చలికాలపు పంట, మా రబీ. అందరూ తలలూపారు. నేను చీర ముక్కలు మడిచి సంచిలో పెట్టుకుంటున్నాను. నా పని అయిపోయింది కదా. మొత్తం రాయి చూశాను, అది బతికింది, చాలు అనుకుందామని చూస్తున్నాను. చాల్లేదు.

"మరి ఎండాకాలం?" అంది అంజమ్మ. "బావిల నీళ్ళే ఉండవు. అప్పుడు ఎవలికీ వంతుండది."

సుజాత నా సంచి వైపు, నా బురద కాళ్ళ వైపు చూసింది.

"ఎండాకాలం అక్కది," అంది.

కొనుక్కుందామని వచ్చినదానికి వంతేమిటని ఒక్క క్షణం రోషం వచ్చిన మాట నిజం. తర్వాత అర్థమైంది. ఆ బావిలో వంతున్నవాళ్ళు ఇద్దరే, ఇప్పుడు ముగ్గురం.

గూడూరు

ఇంటికొచ్చాక మా ఆయన సంచి వెతికాడు. రాయి లేదు. సర్వపిండి పొట్లం, ఒక నూలు చీర ముక్కలు, కొత్తగా కొన్న చెప్పులు ఉన్నాయి. "ఏదీ?" అన్నాడు. "నా వంతు ఇంకా రాలేదు," అన్నాను. మర్నాడు నేను కొట్టు నుంచి వచ్చేసరికి ఆయన అలమర మధ్య అర తుడిచి, కింద తెల్ల గుడ్డ పరిచి ఉంచాడు.

ఇది రాస్తున్నప్పటికి చలి మొదలైంది. రాయి యాసంగి వంతుకి బొంగులూరు చేరిందని సుజాత ఫోటో పంపింది, వెనక షేడ్ కార్డు కనపడుతోంది. మా ఊరి ఎండలు ఎలాంటివో నెల్లూరు వైపు వచ్చినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. గూడూరులో పుట్టి పెరిగిన మనిషి ఎండాకాలం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం నేనెన్నడూ వినలేదు. నేను చూస్తున్నాను.